కప్పేశాక కనిపించని పైపు: జియోథర్మల్ హీట్ పంప్‌లో గ్రౌండ్ లూప్ పని ఎలా జరగాలి?

చలి దేశాల్లో ఇంటికి నేల వేడితో గదులను వెచ్చబరిచే జియోథర్మల్ హీట్ పంప్ పెట్టించుకోవాలని అనుకోగానే అందరూ మొదట అడిగేది మెషీన్ గురించే. ఏ కంపెనీది మంచిది, ఎన్ని టన్నులది కావాలి, కరెంటు ఎంత కాలుతుంది అని ఆరా తీస్తారు. మిషిగన్, ఒహాయో, మిన్నెసోటా లాంటి అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో సొంత ఇల్లు కట్టించుకునే తెలుగువాళ్ల ముందుకూ ఈ ప్రశ్నలు వస్తున్నాయి. కానీ మెషీన్ ఎంత మంచిదైనా ఇరవై పాతికేళ్లకు మార్చక తప్పదు. దానికి వేడిని అందించే పైపు, అంటే గ్రౌండ్ లూప్, మాత్రం భూమిలోనే ఉండిపోతుంది. యాభై ఏళ్లు, ఆ పైన కూడా పనిచేయాల్సింది ఆ పైపే. పాడైతే విప్పి చూసుకునే వీలు లేనిదీ ఆ పైపే. అందుకే మెషీన్ ఎంపిక మీద పెట్టే శ్రద్ధకు రెండింతలు తవ్వకం మీద, పైపు అతుకుల మీద, బోరు నింపడం మీద పెట్టాలి.

ఈ ఏర్పాటు వెనక ఉన్న సూత్రం తేలికైనదే. నేల పైపొర ఎండాకాలం వేడెక్కి చలికాలం చల్లబడుతుంది. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఆ హెచ్చుతగ్గులు దాదాపు ఆగిపోతాయి. అక్కడి ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా నిలకడగా ఉంటుంది. డెట్రాయిట్ చుట్టుపక్కల అది సుమారు 10 డిగ్రీల సెల్సియస్. బయట మైనస్ 15 డిగ్రీల చలి కొరుకుతున్న రాత్రి కూడా లోపలి నేల ఆ వేడిలోనే ఉంటుంది. పైపులో తిరిగే నీరు ఆ నేల నుంచి వేడి తెస్తే, హీట్ పంప్ దాన్ని ఇంటికి సరిపడే స్థాయికి పెంచి గదుల్లోకి పంపుతుంది. వేసవిలో ఇదే పని తిరగబడుతుంది: ఇంట్లోని వేడి పైపు గుండా నేలలోకి పోతుంది.

ఒక మాదిరి ఇంటికి మూడు టన్నుల యూనిట్, అంటే సుమారు 10.5 కిలోవాట్ల సామర్థ్యం సరిపోతుందనుకుందాం. ఒక యూనిట్ కరెంటుకు నాలుగు యూనిట్ల వేడి ఇచ్చే మెషీన్ అయితే, ఆ నాలుగింటిలో మూడు నేల నుంచి రావాలి. అంటే పైపు దాదాపు 7.9 కిలోవాట్ల వేడిని నేల నుంచి లాగాలి. వేసవిలో లెక్క ఇంకా బరువెక్కుతుంది. ఇంట్లోంచి తీసిన 10.5 కిలోవాట్ల వేడికి కంప్రెసర్ పుట్టించిన వేడి కూడా తోడై, సుమారు 12.6 కిలోవాట్లు నేలలోకి పోవాలి. చలికాలం లెక్క ఒక్కటే చూసి పైపు పొడవు తేల్చితే, చల్లదనం ఎక్కువ అవసరమయ్యే ఇంట్లో ఆ లూప్ చాలదు. కాబట్టి తవ్వే ముందు గోడలు, కిటికీలు, పైకప్పు, గాలి చొరబాటు అన్నీ కొలిచి ఇంటికి ఏ కాలంలో ఎంత వేడి, ఎంత చల్లదనం కావాలో గదిగదికీ తేల్చాలి. ఇంటి చదరపు అడుగులు చూసి నోటి లెక్కతో టన్నులు చెప్పే కాంట్రాక్టరు చేతిలో డ్రిల్లింగ్ పని పెట్టకూడదు.

నేలను బట్టే పైపు పొడవు

అమెరికాలో నిలువు బోర్లకు తరచూ వినిపించే లెక్క టన్నుకు 150 నుంచి 200 అడుగులు. తొలి అంచనాకు ఇది పనికొస్తుంది కానీ డిజైన్‌కు పనికిరాదు. ఎందుకో జర్మనీలో చాలాకాలం వాడిన వీడీఐ 4640 మార్గదర్శకాలు చూస్తే అర్థమవుతుంది. ఏడాదికి 2400 గంటలు నడిచే చిన్న ఏర్పాట్లకు అవి ఇచ్చిన అంకెలు ఇలా ఉన్నాయి: పొడి మట్టి, ఇసుక అయితే బోరు మీటరుకు 20 వాట్లు, సాధారణ రాయి లేదా నీరు పట్టిన మట్టి అయితే 50, వేడిని బాగా ప్రసరించే గట్టి రాయి అయితే 70. పైన చెప్పిన 7.9 కిలోవాట్లకు ఈ లెక్క వేస్తే గట్టి రాయిలో 113 మీటర్ల బోరు చాలు. నీరు పట్టిన నేలలో 158 మీటర్లు కావాలి. పొడి ఇసుకలోనైతే 395 మీటర్లు. ఇల్లు అదే, మెషీన్ అదే. నేల మారితే తవ్వకం మూడింతలు దాటుతోంది. పక్క వీధిలో ఎంత వేశారో మనమూ అంతే వేద్దాం అనే మాట ఎంత ప్రమాదమో ఈ మూడు అంకెలే చెబుతాయి.

పెద్ద భవనాలకు అంచనాల మీద ఆధారపడకుండా నేలనే పరీక్షిస్తారు. ముందు ఒక బోరు వేసి, పైపు దింపి, అందులో తిరిగే నీటికి రెండు రోజుల పాటు స్థిరంగా వేడి అందిస్తారు. లోపలికి పోయే నీటికీ, తిరిగొచ్చే నీటికీ ఉష్ణోగ్రత ఎలా మారుతోందో నమోదు చేస్తే ఆ నేల ఉష్ణవాహకత లెక్క తేలుతుంది. దీన్నే థర్మల్ రెస్పాన్స్ టెస్ట్ అంటారు. 1983లో స్వీడన్‌కు చెందిన పాల్నె మోగెన్సెన్ ఈ పద్ధతిని ప్రతిపాదించారు. 1990ల మధ్యలో స్వీడన్‌లోని లూలియోలోనూ, అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలోనూ ట్రక్కు మీదో ట్రైలర్ మీదో తీసుకెళ్లగల పరికరాలు తయారయ్యాక ఇది ప్రపంచమంతటా వాడకంలోకి వచ్చింది. ఒక్క ఇంటి కోసం ఈ ఖర్చు పెట్టడం సాధారణంగా గిట్టుబాటు కాదు. అక్కడ ఆ ప్రాంతంలో ఇదివరకు వేసిన నీటి బోర్ల రికార్డులు పనికొస్తాయి. ఎన్ని అడుగుల దాకా మట్టి, ఎక్కడ రాయి తగిలింది, నీరు ఏ లోతులో ఉంది అనే వివరాలు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ రికార్డుల్లో దొరుకుతాయి.

ఈ రంగంలో స్వీడన్ ముందుండటానికి 1970ల చమురు సంక్షోభం ఒక కారణమైతే, కాళ్ల కింది రాయి ఇంకో కారణం. ఆ దేశంలో చాలా భాగం కింద పురాతనమైన గ్రానైట్, నైస్ రాళ్లున్నాయి. అవి వేడిని బాగా ప్రసరిస్తాయి, బోరు గోడ కూలకుండా నిలబడుతుంది. కంప్రెషర్ గాలితో నడిచే హ్యామర్ బిట్టుతో రాయిని పొడి చేసుకుంటూ దిగే రిగ్గులు అక్కడ పల్లెపల్లెకూ తిరుగుతాయి. ఈ వర్ణన తెలంగాణ రైతుకు, రాయలసీమ రైతుకు కొత్తగా అనిపించదు. దక్కన్ పీఠభూమి కింద ఉన్నదీ అలాంటి పాత గట్టి రాయే, దాన్ని తొలిచేదీ అదే రకం రిగ్గే. పై మెత్తటి పొరకు కేసింగ్ దింపి, రాయి తగిలాక కేసింగ్ లేకుండా లోతుకు వెళ్లడం రెండు చోట్లా ఒకటే.

అయితే రాయి ఒకటైనంత మాత్రాన ప్రయోజనం ఒకటి కాదు. హైదరాబాద్‌లో ఏడాది సగటు ఉష్ణోగ్రత 26 డిగ్రీల పైనే. కాబట్టి నేల లోపలా ఇంచుమించు అంతే. మే నెలలో 42 డిగ్రీల గాలిలోకి వేడి వదిలే ఏసీతో పోలిస్తే అప్పటికి నేలలోకి వదలడం మేలే. కానీ చలికాలంలో ఆ వేడిని తిరిగి తీసుకునే అవసరం మన ఇళ్లకు లేదు. ఏటా వేడిని నేలలోకి పంపడమే తప్ప తీయడం ఉండదు. బోరు చుట్టూ ఉన్న రాయి ఏడాదికి ఏడాదికి వేడెక్కి, లాభం తగ్గిపోతూ వస్తుంది. ఈ సాంకేతికత రెండు కాలాలూ గట్టిగా ఉండే చోట పుట్టింది, అక్కడే దానికి పూర్తి న్యాయం జరుగుతుంది.

తీయడం, పోయడం మధ్య సమతూకం చలి దేశాల్లోనూ మరువకూడని విషయమే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం మన్సీ పట్టణంలో ఉన్న బాల్ స్టేట్ యూనివర్సిటీ తన పాత బొగ్గు బాయిలర్లను వదిలేసి 3,600కు పైగా బోర్లతో క్యాంపస్ మొత్తానికీ వేడి, చల్లదనం అందించే ఏర్పాటు చేసుకుంది. 2009లో పని మొదలైంది. ఒక్కో బోరు 400, 500 అడుగులు. అన్ని వేల బోర్లు పక్కపక్కన ఉన్నప్పుడు మధ్యలో ఉన్నవాటికి బయటి నేల నుంచి వేడి అందదు, వాటి వేడి బయటికీ పోదు. ఒంటరి బోరుకు చుట్టూ ఉన్న నేలంతా సాయం. గుంపులో ఉన్న బోరుకు పక్క బోర్లే పోటీ. అందుకే బోర్ల మధ్య కనీసం 15 నుంచి 20 అడుగుల దూరం పాటిస్తారు. స్వీడన్‌లో ఇది పొరుగింటి దాకా వెళ్లింది: రెండు ఇళ్ల బోర్ల మధ్య 20 మీటర్లు ఉండాలన్నది అక్కడి బోరు పనుల ప్రమాణం. మన వాల్టా చట్టం బోరుకూ బోరుకూ మధ్య దూరం అడిగేది నీటి కోసం. అక్కడ అడిగేది వేడి కోసం.

కందకమా, బోరా

స్థలం ఉండి, నేల మెత్తగా ఉంటే అడ్డంగా కందకాలు తవ్వి పైపు పరచడం చవక. ఎక్స్‌కవేటర్‌తో నాలుగు నుంచి ఆరు అడుగుల లోతు తవ్వుతారు. ఆ ప్రాంతంలో మంచు గడ్డకట్టే లోతు కంటే ఇది కిందికి ఉండి తీరాలి. పైపును తిన్నగా పరచవచ్చు, లేదా చుట్టలు చుట్టలుగా ఒకదాని మీద ఒకటి కొంచెం వాలేలా పరిచి కందకం పొడవు తగ్గించవచ్చు. చుట్టల పద్ధతిలో కందకం తగ్గుతుంది కానీ పైపు పొడవు పెరుగుతుంది, దాన్ని తిప్పే పంప్ మీద భారమూ పెరుగుతుంది.

కందకం లూప్‌కు ప్రాణం తేమ. ఎండిన ఇసుక వేడిని ప్రసరించదు. అదే ఇసుక తడిస్తే కొన్ని రెట్లు ఎక్కువ ప్రసరిస్తుంది. పైపొరల్లో ఉన్న ఈ లూప్‌కు ఏటా వేడి తిరిగి చేరేది ఎండ వల్ల, వాన నీరు ఇంకడం వల్ల. కాబట్టి దాని మీద కాంక్రీటు పరచడం, షెడ్డు కట్టడం తగదు. పచ్చిక ఉన్న ఖాళీ స్థలమే దానికి తగిన చోటు. ఇంటి వెనక లోతైన చెరువు ఉన్నవాళ్లు పైపు చుట్టలను నీటి అడుగున ముంచే పద్ధతి కూడా ఉంది. అది దొరికే అదృష్టం కొద్దిమందికే.

స్థలం తక్కువైన చోట, రాతి నేలలో బోరే దారి. ఖర్చు ఎక్కువ. కానీ ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది, తోట పాడవదు, పైపు మొత్తం పొడవూ తగ్గుతుంది. బోరు సాధారణంగా నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పు ఉంటుంది. అందులోకి అడుగున యూ ఆకారపు మలుపు ఉన్న జంట పైపు దిగుతుంది.

బోరు నింపడం: అందరూ తొందరపడే చోటు

పైపు దింపాక బోరులో మిగిలిన ఖాళీని గ్రౌట్‌తో నింపాలి. ఈ పనికి వాడేది ఎక్కువగా బెంటనైట్, మన దగ్గర ఎర్తింగ్ గుంతల్లో పోసే పొడి లాంటిదే. నీటిలో కలిపితే ఉబ్బి, బోరు గోడకూ పైపుకూ మధ్య సందు లేకుండా అతుక్కుంటుంది. దీనికి రెండు బాధ్యతలు. ఒకటి, నేల వేడిని పైపు దాకా చేర్చడం. ఉత్త బెంటనైట్ ఈ పనిలో బలహీనం. దాని ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 0.7 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. చుట్టూ ఉన్న గ్రానైట్‌ది 2.5 నుంచి 3.5. మంచి రాయి మధ్యలో వేడిని సరిగా ప్రసరించని గ్రౌట్ పోస్తే ఆ రాయి మేలంతా బోరు గోడ దగ్గరే ఆగిపోతుంది. సిలికా ఇసుకో గ్రాఫైటో కలిపిన మేలు రకం గ్రౌట్ దాదాపు 2 దాకా వెళ్తుంది. దీనికి ఖర్చు పెట్టడం వల్ల బోరు లోతు కొంత తగ్గించుకోవచ్చు కాబట్టి పిసినారితనం పనికిరాదు.

రెండో బాధ్యత ఇంకా పెద్దది. బోరు అంటే భూమిలోని పొరలన్నిటినీ కలుపుతూ తొలిచిన దారి. పైనుంచి మురుగు కిందికి దిగకుండా, ఒక పొరలోని నీరు ఇంకో పొరలోకి పోకుండా ఆ దారిని మూసేయాల్సింది గ్రౌట్. ఇది సరిగా జరగకపోతే ఏమవుతుందో జర్మనీలోని స్టౌఫెన్ పట్టణం చూపించింది. బ్లాక్ ఫారెస్ట్ అంచున ఉన్న ఈ పాత పట్టణంలో 2007 సెప్టెంబరులో, టౌన్ హాల్ మరమ్మతుల్లో భాగంగా వేడి కోసం 140 మీటర్ల లోతున ఏడు బోర్లు వేశారు. కింద అన్‌హైడ్రైట్ అనే ఖనిజపు పొర ఉంది. దాని దిగువన ఒత్తిడితో ఉన్న భూగర్భ జలం ఉంది. బోర్ల వెంట ఆ నీరు పైకి ఎగదన్ని అన్‌హైడ్రైట్‌ను తాకింది. నీరు తగిలితే అన్‌హైడ్రైట్ జిప్సంగా మారుతుంది, మారుతూ దాదాపు 60 శాతం ఉబ్బుతుంది. కొన్ని నెలల్లో పట్టణం కింది నేల పైకి లేవడం మొదలైంది. మొదట్లో నెలకు ఒక సెంటీమీటరు లేచింది. వందల ఏళ్ల నాటి గోడలు చీలాయి. 250కి పైగా భవనాలు దెబ్బతిన్నాయి. తర్వాత పట్టణం పక్కన బావులు వేసి కింది నీటిని తోడి పోస్తే గానీ ఆ వేగం తగ్గలేదు. ఆ తర్వాత బాడెన్ వ్యూర్టెంబర్గ్ రాష్ట్రం నిబంధనలు బిగించింది. జిప్సం, అన్‌హైడ్రైట్ పొరలున్న చోట అవి తగలగానే డ్రిల్లింగ్ ఆపేయాల్సిందే.

అక్కడ బోరు వేయడమే తప్పు కాదు. కింద ఏముందో తెలుసుకోవడంలో, నీటి దారిని మూయడంలో వచ్చిన లోపం అంత పని చేసింది. అన్‌హైడ్రైట్ అన్ని చోట్లా ఉండదు. కానీ ఉప్పునీటి పొర, మంచినీటి పొర ఒకదాని కింద ఒకటి ఉన్న ప్రాంతాలు చాలానే ఉన్నాయి. అక్కడ ఒక ఇంటి బోరు సరిగా మూయకపోతే పొరుగువాళ్ల తాగునీటి బావులు చెడతాయి.

గ్రౌట్ పోసే పద్ధతిలో ఒకే నియమం: కింది నుంచి పైకి. యూ పైపుతో పాటు ఇంకో సన్నటి పైపును అడుగుదాకా దింపి, దాని గుండా గ్రౌట్‌ను పంప్ చేస్తూ, నిండే కొద్దీ ఆ సన్న పైపును పైకి లాగుతూ రావాలి. అది ఎప్పుడూ గ్రౌట్‌లో మునిగే ఉండాలి. పైనుంచి బకెట్లతో పోసేస్తే మధ్యలో ఎక్కడో అడ్డుపడి, కింద నీరూ గాలీ నిండిన ఖాళీలు మిగిలిపోతాయి. పైకి చూస్తే బోరు నిండినట్టే ఉంటుంది. నింపడానికి పట్టిన గ్రౌట్ పరిమాణాన్ని బోరు లెక్కతో పోల్చి చూడటమే దీన్ని పట్టుకునే సులువైన దారి. లెక్క కంటే తక్కువ పట్టిందంటే లోపల ఖాళీ ఉన్నట్టే. లెక్క కంటే చాలా ఎక్కువ పట్టిందంటే పగులులోకో గుహలోకో పోతోందని అర్థం. ఒకటి రెండు రోజులకు గ్రౌట్ కుంగితే మళ్లీ పైదాకా నింపాలి.

ఇక్కడ పైపుకు ఇంకో గండం ఉంది. పాలిథిన్ నీటి కంటే తేలిక. నీరున్న బోరులో ఖాళీ పైపు దిగదు, తేలుతుంది. కాబట్టి ముందే నీటితో నింపి, అడుగున బరువు కట్టి దింపుతారు. తర్వాత పోసే గ్రౌట్ నీటి కంటే బరువైనది. లోతైన బోరు అడుగున ఆ బరువంతా బయటి నుంచి పైపును నొక్కుతుంది. అందుకే గ్రౌట్ గట్టిపడేదాకా లోపల నీటిని ఒత్తిడితో ఉంచాలి.

స్వీడన్‌లో చాలా బోర్లను గ్రౌట్‌తో నింపరు. గట్టి రాయిలో భూగర్భ జలమే పైపు చుట్టూ నిలిచి వేడిని చేరవేస్తుంది. అక్కడ పైనుంచి మురుగు దిగకుండా కేసింగ్‌ను రాతిలోకి కనీసం రెండు మీటర్లు దింపి, ఆ సందును మూయడం తప్పనిసరి. ఈ పద్ధతి చూసి అమెరికాలోనో జర్మనీలోనో గ్రౌట్ మానేద్దామనుకోవడం పొరపాటు. మట్టి, ఇసుక, సున్నపురాయి పొరలున్న నేలకు ఆ వెసులుబాటు లేదు.

పైపు, అతుకు

లూప్‌కు వాడేది హెచ్‌డీపీఈ. మన ఊళ్లలో బోరు మోటార్లకు వాడే నల్ల పైపు జాతిదే, అయితే గ్రేడ్ వేరు. అమెరికాలో ఇప్పుడు పీఈ 4710 రకం, గోడ మందం డీఆర్ 11 (పైపు వ్యాసం గోడ మందానికి 11 రెట్లు) ఎక్కువగా నడుస్తోంది. ఇళ్లకు ముప్పావు అంగుళం నుంచి అంగుళంపావు దాకా సైజులు వాడతారు. దింపే ముందు చుట్ట మొత్తం తడిమి చూడాలి. గోడ మందంలో పదో వంతు కంటే లోతైన గీత ఉంటే ఆ ముక్క కోసి పారేయాలి. మలుపులో నలిగిన పైపును సాగదీసి సరిచేసి వాడకూడదు, నలిగిన చోట బలం తిరిగి రాదు.

బోరు లోపల అతుకు ఉండకూడదు. అడుగున ఉండే యూ మలుపు ఫ్యాక్టరీలోనే అతికి, పరీక్షించి రావాలి. అక్కడి నుంచి నేల మీదికి వచ్చేదాకా పైపు ఏకముక్కగా ఉండాలి. పైన కందకంలో బోర్లను కలిపే అతుకులు మాత్రం పని జరిగే చోటే వేయక తప్పదు. అవి వేడితో కరిగించి కలిపేవై ఉండాలి. క్లాంపులు, మరలు ఉన్న జాయింట్లను మట్టిలో పాతకూడదు. ఏళ్ల తరబడి వేడికీ చలికీ సాగి ముడుచుకునే ప్లాస్టిక్ మీద లోహపు బిగింపు ఎప్పటికైనా సడలుతుంది. ఇంటి లోపల, చేతికందే చోట అవి ఉన్నా ఫరవాలేదు.

కరిగించి కలిపిన అతుకు సరిగా కుదిరితే పైపంత బలంగా ఉంటుంది. రెండు కొసలనూ చెక్కి నునుపు చేసి, 200 డిగ్రీల పైన వేడెక్కిన ప్లేటుకు ఆనించి, కరిగాక ప్లేటు తీసి వెంటనే రెండింటినీ నొక్కి పట్టాలి. పైపు కొసను గొట్టం లాంటి ముక్కలో దూర్చి కలిపే సాకెట్ అతుకుకైతే ప్లేటు వేడి ఇంకా ఎక్కువ, 260 డిగ్రీల దగ్గర. చెడేది చిన్న చిన్న చోట్లే. చెక్కిన కొసను చేత్తో తాకితే వేలి జిడ్డు అంటుతుంది. కందకంలో గాలి వీస్తే ప్లేటు చల్లబడుతుంది. చినుకు పడితే కరిగిన అంచులో బుడగ వస్తుంది. చల్లారేదాకా పట్టుకునే ఓపిక లేక ముందే వదిలేస్తే, లేదా తొందరగా చల్లారాలని నీళ్లు పోస్తే, అతుకు పైకి బాగానే కనిపించి లోపల బోలుగా ఉంటుంది. శిక్షణ పొంది, సర్టిఫికెట్ ఉన్న మనిషే ఈ అతుకులు వేయాలని పట్టుబట్టే హక్కు ఇంటి యజమానికి ఉంది. 1987లో ఓక్లహోమాలోని స్టిల్‌వాటర్ కేంద్రంగా మొదలైన ఇగ్‌ష్పా అనే అంతర్జాతీయ సంఘం ఇలాంటి శిక్షణనే నడుపుతోంది.

ఎండలో పరిచిన పైపు విషయంలో మరో జాగ్రత్త అవసరం. హెచ్‌డీపీఈ వేడికి బాగా సాగుతుంది. ఎండకు కాగిన 100 మీటర్ల పైపు మట్టిలో 20 డిగ్రీలు చల్లబడితే సుమారు 36 సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది. కందకంలో బిగుతుగా పరిచి వెంటనే అతికేస్తే, ఆ లాగుడంతా అతుకుల మీద పడుతుంది. కాస్త వంకర వంకరగా పరిచి, చల్లబడనిచ్చి అప్పుడు కలపాలి.

పరీక్ష ముందు, మట్టి తర్వాత

ఒత్తిడి పరీక్ష ఒకసారి చేస్తే సరిపోదు. పైపు దింపే ముందు, దింపాక, గ్రౌట్ పోశాక, అన్నీ కలిపాక కందకం పూడ్చే ముందు చేయాలి. ఏ దశలో లీకు వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. పరీక్ష నీటితోనే చేయాలి. గాలితో ఒత్తిడి పెంచిన ప్లాస్టిక్ పైపు పగిలితే ప్రాణాలకే ముప్పు. ఇంకో సంగతి కొత్తవాళ్లను కంగారు పెడుతుంది: ఒత్తిడి పెట్టగానే పాలిథిన్ కొద్దిగా ఉబ్బుతుంది, గేజ్ ముల్లు దిగుతుంది. అది లీకు కాదు. మూడు నాలుగు గంటల పాటు నీరు కలుపుతూ ఒత్తిడి నిలబెట్టి, ఆ తర్వాత 10 పీఎస్ఐ తగ్గించి గంటసేపు చూడటం అమెరికా ప్రమాణాల్లో ఉన్న పద్ధతి. ఆ గంటలో ముల్లు 5 శాతం లోపు ఆగితే పరీక్ష నెగ్గినట్టు.

కందకం పూడ్చేటప్పుడు పైపు చుట్టూ మొదటి జానెడు మేర రాళ్లు లేని మెత్తటి మట్టే పడాలి, అదీ చేత్తో. తవ్వితీసిన కోసు రాళ్లను యంత్రంతో నెట్టేస్తే ఆరు నెలలకో ఆరేళ్లకో ఒక రాయి పైపును కొరుకుతుంది. పోయే పైపు, వచ్చే పైపు పక్కపక్కనే ఆనుకుని ఉంటే ఒకదాని వేడి ఒకటి లాక్కుంటుంది కాబట్టి వాటి మధ్య ఎడం ఉంచాలి. ఇంటి పునాది దగ్గరపడ్డాక ఇన్సులేషన్ తొడగాలి, లేకపోతే గడ్డకట్టే చల్లటి పైపు గోడ పక్కనున్న తేమను మంచుగా మార్చి పునాదిని కదుపుతుంది. ప్లాస్టిక్‌ను మెటల్ డిటెక్టర్ పసిగట్టదు కనుక పైన రాగి తీగ, హెచ్చరిక టేపు వేయాలి. పూడ్చక ముందే ఫొటోలు తీసి, ఇంటి రెండు మూలల నుంచి ప్రతి బోరుకూ దూరం కొలిచి కాగితం మీద పెట్టాలి. పదేళ్ల తర్వాత కంచె స్తంభం కోసం గుంత తవ్వేవాడికి ఆ కాగితమే దిక్కు. తవ్వకం మొదలు పెట్టే ముందు కూడా అమెరికాలో 811కు ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టించడం చట్టప్రకారం తప్పనిసరి.

చివరికి ఫ్లషింగ్. పైపులో చిక్కిన గాలి, ఇసుక, ప్లాస్టిక్ పొట్టు బయటికి పోవాలంటే నీరు సెకనుకు కనీసం రెండు అడుగుల వేగంతో పారాలి. అంగుళం పైపులో ఆ వేగానికి నిమిషానికి 21 లీటర్లకు పైగా కావాలి. మూడు బోర్లు సమాంతరంగా ఉంటే దాదాపు 65 లీటర్లు. అదే మూడు టన్నుల యూనిట్ మామూలుగా నడిచేటప్పుడు పారేది నిమిషానికి 34 లీటర్లే. అంటే ఇంట్లో బిగించిన చిన్న పంప్‌తో గాలి ఎన్నటికీ పూర్తిగా పోదు. పెద్ద పంప్, తొట్టి ఉన్న ఫ్లషింగ్ బండి తెచ్చి, రెండు దిక్కులా తిప్పి, నీటిలో బుడగలు ఆగేదాకా నడపాలి. ఒక బోరులో గాలి నిలిచిపోతే నీరు తేలిక దారి చూసుకుని మిగతా రెండింటిలోనే తిరుగుతుంది. డబ్బు మూడు బోర్లకు పెట్టి రెండింటితో కాలం వెళ్లదీయాల్సి వస్తుంది.

తర్వాత యాంటీఫ్రీజ్, అంటే పైపులో నీరు గడ్డకట్టకుండా కలిపే ద్రవం. అమెరికాలో ప్రొపిలీన్ గ్లైకాల్, మెథనాల్, స్వీడన్‌లో ఇథనాల్ వాడతారు. మైనస్ 9 డిగ్రీల దాకా గడ్డకట్టకపోతే చాలా ఇళ్లకు సరిపోతుంది. ఎందుకైనా మంచిదని ఎక్కువ పోస్తే ద్రవం చిక్కబడుతుంది, పంప్ కరెంటు ఎక్కువ తింటుంది. పైపులో సుడులు తిరుగుతూ పారాల్సిన ద్రవం నింపాదిగా పొరలు పొరలుగా జారిపోయి, పైపు గోడ నుంచి వేడిని సరిగా తీసుకోదు. పోసిన పాళ్లను రిఫ్రాక్టోమీటర్‌తో కొలిచి రాసి ఇవ్వమని అడగాలి.

ఇక లూప్ పొడవు సరిపోయిందా లేదా అన్నది మొదటి రెండు మూడు చలికాలాల్లో తేలుతుంది. నేల నుంచి మెషీన్‌లోకి వచ్చే ద్రవం ఉష్ణోగ్రతను జనవరి చివరిలో, ఫిబ్రవరిలో నమోదు చేసుకోవాలి. చలికాలం చివరికి అది సున్నాకు దగ్గరపడినా డిజైన్ లెక్కకు లోబడి, వేసవి తర్వాత మళ్లీ పుంజుకుంటే నేల కోలుకుంటున్నట్టే. ఏటికేడు అదే నెలలో అంకె దిగుతూ పోతుంటే, ఇంటి అవసరం పెరగనప్పుడు, లూప్ పొట్టిదని తేలినట్టు. అప్పుడు మెషీన్ మార్చినా ఫలితం ఉండదు. ఇంకో బోరు వేయాలి, లేదా గట్టి చలి రోజుల్లో కొంత భారాన్ని వేరే హీటరు మీదికి మార్చాలి. బోర్లన్నిటినీ కలిపి మెషీన్‌కు వెళ్లే పైపుల దగ్గర మొదటే ఒక జత వాల్వులు అదనంగా పెట్టించి ఉంటే ఆ బోరును కలపడం ఒక రోజు పని.